పలాస జీడితోటలో స్పెయిన్ పెద్దాయన

"అల్లుడూ, సర్వే వోళ్లొత్తారని ఊళ్లో అనుకుంతన్నారు. ఒకపాలి వచ్చి ఎల్లు."

మావయ్య ఫోన్ అంతే. ఆయనకి మందస మండలంలో ఎకరం పది సెంట్ల జీడితోట ఉంది. మధ్యలో ఆరు కొబ్బరిచెట్లు, ఒక పనస. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి సగం చెట్లు పడగొట్టింది. మళ్లీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అంతలో మందస, వజ్రపుకొత్తూరు మండలాల వైపు కార్గో ఎయిర్‌పోర్టు ప్రతిపాదన అన్నారు. అప్పట్నుంచీ ఆ చుట్టుపక్కల ఎవరు టేపు పట్టుకుని కనబడినా ఊరంతా బయటికొచ్చి చూస్తోందట.

నేను రాత్రి రైలెక్కాను. ఫోన్‌లో ఒక పీడీఎఫ్ ఉంది. ఆన్‌లైన్‌లో ఆర్థిక చరిత్ర కోర్సు ఒకటి మొదలుపెట్టి, అందరిలాగే మధ్యలో వదిలేశాను. మిగిలిన పాఠాల్లో ఒకటి 18వ శతాబ్దపు స్పెయిన్. నిద్ర పడుతుందని తెరిచాను. పలాస వచ్చేదాకా మూయలేదు.

ఆ పుస్తకం రాసినాయన పేరు గాస్పర్ మెల్చోర్ దె హొవెయానోస్. ఫోన్ చదివి వినిపించేటప్పుడు 'జోవెల్లనోస్' అంటుంది, నమ్మకండి. 1744లో స్పెయిన్ ఉత్తర తీరంలో, హిహోన్ అనే రేవు పట్నంలో పుట్టాడు. జడ్జీ, కవి, నాటక రచయిత, కొన్ని నెలలు మంత్రి, ఆ తర్వాత ఏడేళ్లు ఖైదీ. 1795లో అచ్చయిన ఈ పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే 'భూమి చట్టం ఫైలు మీద నివేదిక'. పేరు చూసి పారిపోకండి. ఇలాంటి ఫైలు మన వైపూ ఒకటుంది. దాని కథ మందసలో చెప్తాను.

పలాసలో దిగి కాశీబుగ్గ వైపు నడిస్తే ముందు వాసనే పలకరిస్తుంది. ఉడికిన జీడిపిక్కల వాసన, పెంకు కాలిన ఘాటు. పిక్కల్ని బాయిల్ చేస్తారు, ఆరబెడతారు, కట్ చేస్తారు, వేడి చేసి పొట్టు తీస్తారు, చివర్న గ్రేడింగ్. గుండు, బద్ద, ముక్క విడివిడిగా పోతాయి. పెంకులో ఉండే జిగురునూనె చేతికి తగిలితే చర్మం ఊడుతుంది. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇక్కడి తోటల పంట ఫ్యాక్టరీలకి చాలదు కాబట్టి ఆఫ్రికా పిక్కలు కూడా ఓడల్లో వస్తాయి. రైతు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకుంటాడు. ఆ బస్తా ధర గురించి ఏటా రోడ్డెక్కడం కూడా ఇక్కడ సీజన్‌లో భాగమే.

జీడిచెట్టు అసలు మనది కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో గోవా తెచ్చారు. 1580 నుంచి 1640 దాకా స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ ఒకడే రాజు. అంటే మా మావయ్య తోటకీ ఆ దేశాలకీ ఎంతో కొంత చుట్టరికం ఉన్నట్టే.

కానీ నేను చెప్పదలుచుకున్నది వేరే చుట్టరికం.

18వ శతాబ్దపు స్పెయిన్‌ని ఊహించుకోండి. అమెరికా నుంచి వెండి వచ్చింది, యుద్ధాలకి పోయింది. ఊళ్లలో జనం బక్కచిక్కారు. పెద్ద కులీనుల ఆస్తిని 'మయోరాస్గో' అనేవాళ్లు. ముక్కలు చేయకూడదు, అమ్మకూడదు, మొత్తం పెద్దకొడుకుకే. చర్చి చేతిలోకి వెళ్లిన భూమి మళ్లీ బయటికి రాదు. వీటికి తోడు 'మెస్తా' అని గొర్రెల పెద్దల సంఘం, 13వ శతాబ్దం నుంచీ ఉన్నది. మెరినో ఉన్ని మీద రాజుకి ఆదాయం కాబట్టి గొర్రెలకి రాజమర్యాద. మందలు దేశమంతా తిరగడానికి అడ్డొస్తుందని రైతు తన పొలానికి తను కంచె వేసుకోవడం కూడా నేరమే.

మూడో కార్లోస్ అనే రాజు కాలంలో చదువుకున్న కొంతమంది దీన్ని మార్చాలనుకున్నారు. తిరుగుబాటు కాదు, సంఘాలు పెట్టారు. పేరు 'దేశ మిత్రుల ఆర్థిక సంఘం'. మొదటిది 1760ల్లో బాస్క్ ప్రాంతంలో, మాడ్రిడ్‌లో 1775లో. కంపొమానెస్ అనే మంత్రి 1774లో కుటీర పరిశ్రమల మీద పుస్తకం రాస్తే ప్రభుత్వమే 30 వేల కాపీలు వేసి ఊరూరా పంచింది. చేతిపని చేస్తే పరువు తక్కువ కాదని 1783లో రాజు ఏకంగా ఉత్తర్వే ఇచ్చాడు. మరుసటేడు, ఆడవాళ్లు తమ శక్తికి తగిన ఏ పనైనా చేయొచ్చని ఇంకోటి. ఉత్తర్వు లేకపోతే పరువు పోయేదన్నమాట! కాశీబుగ్గలో పొట్టు తీసే అక్కలకి ఈ ముక్క చెప్తే నవ్వుతారు.

భూమి ఫైలు 1760ల్లో మొదలైంది. కాగితాలు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి తిరిగి తిరిగి మాడ్రిడ్ సంఘానికి చేరాయి. సంఘం ఆ పని హొవెయానోస్‌కి అప్పగించింది. ఆయన ఏళ్ల తరబడి కూర్చుని రాశాడు. సేద్యానికి అడ్డంకులు మూడు రకాలు అన్నాడు. ఒకటి చట్టాలు పెట్టినవి. రెండు మనుషుల అజ్ఞానం, అపోహలు పెట్టినవి. మూడు ప్రకృతి పెట్టినవి, అంటే నీళ్లు లేకపోవడం, దారులు, రేవులు లేకపోవడం. ప్రభుత్వం కొత్తగా ఏదో చేయక్కర్లేదు, ముందు ఈ అడ్డంకులు తీసి పక్కన పెడితే చాలన్నది ఆయన వాదన.

మందస వెళ్లే ఆటోలో ఈ మూడు మాటలే బుర్రలో తిరుగుతున్నాయి. పడమర మహేంద్రగిరి, తూర్పున సముద్రం, మధ్యలో పచ్చటి పట్టీ. 'ఉద్యానం' అన్న మాటే ఉద్దానం అయిందంటారు, చూస్తే నమ్మబుద్ధేస్తుంది. మందసలో దిగగానే చేయాల్సిన పని కోవా తినడం. అది చేశాకే చరిత్ర.

ఈ వైపంతా జమీందారీలు. 1802 శాశ్వత పన్ను ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లు జమీందార్లని ఖాయం చేశారు. సర్కారుకి కట్టాల్సింది మారదు, రైతు దగ్గర వసూలు మాత్రం పెరుగుతూ పోతుంది. మద్రాసు రాష్ట్రంలో 1904లో ఒక చట్టం వచ్చింది. జాబితాలో ఉన్న జమీందారీలని వారసులు పంచుకోవడానికి వీల్లేదు, ముక్కలు కాకూడదు. చదువుతుంటే నాకు మయోరాస్గో గుర్తొచ్చింది. స్పెయిన్ వాళ్లు వదిలించుకుంటున్న దాన్ని ఇక్కడ చట్టం చేసి మరీ కాపాడారు.

హొవెయానోస్ నివేదికకి మన దగ్గర సాటి వచ్చే కాగితం కూడా ఉంది. 1937లో రాజాజీ ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ కమిటీ వేశారు. 1938లో నివేదిక వచ్చింది. భూమికి యజమాని దున్నేవాడే, జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే, శిస్తులు 1802 నాటి స్థాయికి దిగాలి అని అందులో తేల్చారు. మంత్రివర్గం 1939 అక్టోబర్‌లో రాజీనామా చేయడంతో ఆ మాట కాగితం మీదే ఆగిపోయింది.

కాగితం ఆగింది గానీ జనం ఆగలేదు. 1940 మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఎక్కడ జరిగిందో తెలుసా? ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు, పలాసలో. అధ్యక్షుడిగా ఎన్నుకున్నది 'ఓల్గా నుంచి గంగకు' రాసిన రాహుల్ సాంకృత్యాయన్‌ని. సభ నాటికి ఆయన్ని అరెస్టు చేసేశారు. అధ్యక్షుడు జైల్లో, మహాసభ పలాసలో.

నాలుగు రోజులు తిరిగాయో లేదో, ఏప్రిల్ 1న మందస దగ్గర గుడారి రాజమణిపురంలో తుపాకులు పేలాయి. గొడవ అడవి గురించి. వంటచెరకుకీ, నాగలి కర్రకీ తరతరాలుగా వెళ్తున్న అడవి జమీందారుదట, పుల్ల ముట్టుకుంటే డబ్బు కట్టాలట. రైతులు గుంపుగా వెళ్లి కర్ర కొట్టుకొచ్చారు. అరెస్టు చేయడానికి పోలీసులొచ్చారు. అడ్డం నిలబడినవాళ్లలో సాసుమాన గున్నమ్మ ఒకరు. అప్పటికి ఆమె గర్భవతి. కాల్పుల్లో ఆమెతో పాటు మరికొందరు రైతులూ చనిపోయారు. ఇప్పటికీ ఊళ్లో 'వీర గున్నమ్మ' అనే అంటారు.

స్మారకం దగ్గర కాసేపు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అక్కడే నాకు హొవెయానోస్ మీద కోపం వచ్చింది.

ఎందుకంటే, అంత గొప్ప నివేదికలో ఆయన ఊరుమ్మడి భూముల గురించి ఏమన్నాడో తెలుసా? ఎవరిదీ కాని బీడు, ఊరందరి మేతబీడు ఉండటమే దండగ, వాటిని మనుషులకి విడివిడిగా ఇచ్చేయాలి, సొంతమైతేనే మనిషి కష్టపడతాడు అని. వాటిని 'బల్దియోస్' అంటారు, అర్థం బీడు, వ్యర్థం. గొర్రెల పెద్దల మీద ఆయనకున్న కోపం న్యాయమే. కానీ ఆ ఊపులో పేదవాడి ఏకైక ఆస్తిని కూడా ఖాళీ జాగా కింద జమ కట్టేశాడు. ఆయన పోయాక ఏమైందో చూడండి. 1836లో చర్చి భూములు, 1855 చట్టంతో ఊరుమ్మడి భూములు వేలానికి పెట్టారు. డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు. పుల్లలకీ మేకలకీ అక్కడికి వెళ్లేవాళ్లు కూలీలయ్యారు. ఆయన కోరింది ఇది కాదు, చిన్న రైతు బాగుపడాలనే. కానీ వేలంలో చిన్న రైతు ఎప్పుడు గెలిచాడు?

గున్నమ్మ నిలబడింది సరిగ్గా ఆ 'ఖాళీ' కోసం.

సాయంత్రం తోటలో మావయ్యకి ఇదంతా చెప్పాను. ఆయన జీడిపండు రసం పిండుకుంటూ విన్నాడు. "అయితే ఆ పెద్దాయన ఇటు మంచోడా, అటు చెడ్డోడా?" అన్నాడు.

"మంచోడే మావయ్యా. ఏడేళ్లు జైల్లో పెట్టారు."

"మరి అంత సదివినోడు అడగాల గదా, ఆ బీడులో ఎవులేటి చేసుకుంతన్నారో."

నా కోర్సులో రెండు వారాల పాఠం మావయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మర్నాడు సోంపేట బీల చూడ్డానికి వెళ్లాం. బీల అంటే నీళ్లు నిలిచే పల్లపు నేల. చుట్టుపక్కల ఊళ్లకి చేపలు, గడ్డి, పొలాలకి తడి, అన్నీ అక్కడే. ప్రభుత్వ కాగితాల్లో అది పనికిరాని భూమి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామంటే జనం ఎదురుతిరిగారు. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. కొన్ని గంటలు ముందు ఆ కబురు వచ్చి ఉంటే అనిపిస్తుంది, అనుకుని లాభం లేదు. బీల ఇప్పటికీ బీలే. మేం వెళ్లేసరికి మోకాలి లోతు నీళ్లలో ఒకాయన వల విసురుతున్నాడు.

అటు టెక్కలి దగ్గర సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి. అక్కడి మాట 'తంపర'. అది కూడా నీటి నేలే. అక్కడా థర్మల్ కేంద్రమే, అక్కడా కాల్పులే, 2011 ఫిబ్రవరి 28. ఆ పక్కనే నౌపడా ఉప్పు మళ్లు, తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. పక్షులు ఏటా అంత దూరం నుంచి చింతచెట్లు వెతుక్కుంటూ ఇక్కడికే వస్తాయంటే ఆ నేలలో ఏదో ఉండాలిగా. వాటికి 'వేస్ట్ ల్యాండ్' అన్న మాట ఎవరూ చెప్పినట్టు లేదు.

హొవెయానోస్ చెప్పిన రెండో అడ్డంకి, అజ్ఞానం. దీని మీద మాత్రం నాకు ఆయనతో పేచీ లేదు. 1794లో సొంత ఊళ్లో ఒక విద్యాలయం పెట్టాడు. లెక్కలు, నౌకాయానం, ఖనిజ శాస్త్రం, అవన్నీ జనం మాట్లాడే భాషలో. తన ప్రాంతపు అస్తూరియన్ మాటలకి నిఘంటువు కావాలని కూడా తపన పడ్డాడు. ఇది చదవగానే మన గిడుగు రామమూర్తి గుర్తురాకుండా ఎలా ఉంటారు? ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, దానికి పుస్తకాలు రాశారు. 1931లో సవర భాష మీద ఆయన పెద్ద గ్రంథం అచ్చయింది. మనం ఈ వ్యాసం ఇలా మాట్లాడుకునే తెలుగులో చదువుకుంటున్నామంటే అదీ ఆయన చలవే. 1940 జనవరిలో పోయారు, పలాస సభకి రెండు నెలల ముందు.

మూడో అడ్డంకి నీళ్లు. ఉద్దానంలో ఆ మాట నవ్వుతూ అనలేం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. బీపీ, సుగర్ లేని కూలీలకి కూడా వస్తోంది. కారణం ఇదీ అని ఏ పరిశోధనా గట్టిగా తేల్చలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. మావయ్య పక్కింటాయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. ఆ రోజుల్లో ఆయన ఆవుకి గడ్డి మావయ్య వేస్తాడు. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు, అలా జరిగిపోతుంది.

బొమ్మల సంగతి చెప్పకపోతే స్పెయిన్ కథ సగమే. హొవెయానోస్ స్నేహితుడు గోయా, గొప్ప చిత్రకారుడు, పెద్ద జబ్బు చేసి చెవులు వినబడకుండా పోయినవాడు. 1798లో హొవెయానోస్ మంత్రిగా ఉన్నప్పుడు ఆయన బొమ్మ వేశాడు. ఇప్పుడు మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది, ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. బల్ల నిండా కాగితాలు, పక్కన విద్యాదేవత విగ్రహం. మంత్రిగారేమో చెంపకి చెయ్యి ఆనించుకుని, బాగా అలిసిపోయిన ముఖంతో మనవైపు చూస్తుంటాడు. పదవిలో ఉన్నవాళ్లని అంత దిగులుగా వేయడం, వాళ్లు వేయించుకోవడం ఇప్పుడైతే ఊహించలేం. మూడేళ్లు తిరక్కుండానే ఆయన్ని పట్టుకెళ్లి మయోర్కా దీవిలో బంధించారు. 1808 దాకా వదల్లేదు.

ఆ మరుసటేడు, 1799లో గోయా 80 చెక్కుబొమ్మల సంపుటం తెచ్చాడు. అమ్మకానికి పెట్టింది అత్తరు, సారా అమ్మే కొట్లో. కొన్నాళ్లకే అమ్మకం ఆపేశాడు. వాటిలో 42వది చూడండి. ఇద్దరు రైతులు నడుం వంగిపోయి నిలబడ్డారు, కళ్లు మూసుకుని ఉన్నారు. వాళ్ల వీపుల మీద రెండు గాడిదలు. గాడిదలు మాత్రం హాయిగా, ఠీవిగా కూర్చున్నాయి. నివేదికలో వందల పేరాల్లో ఉన్నది ఒక్క కాగితం మీద.

ఆ బొమ్మ మావయ్యకి చూపించాను. వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. అత్తని పిలిచాడు. అత్త గాడిద కాలికున్న ముల్లుకర్రలాంటిది చూపించి, "దీనికి డెక్కకి మేకు కూడా ఉంది సూడు" అంది. నేను అప్పటిదాకా గమనించలేదు. అది రికాబు కాదు, నిజంగానే మడమకి కట్టే ముల్లు. స్వారీ చేసేవాడికి ఉండాల్సింది గాడిదకి ఉంది.

"జమిందారీ పోయింది గదా?" అంది అత్త.

పోయింది. 1948 చట్టంతో రద్దయింది. గున్నమ్మ పోయిన ఎనిమిదేళ్లకి. మావయ్య వాళ్ల నాన్నకి ఈ ఎకరం పది సెంట్లకి కాగితం వచ్చింది ఆ తర్వాతే. ఆ కాగితాన్నే మావయ్య ఇనప్పెట్టెలోంచి తీసి నా ముందు పెట్టాడు. నన్ను పిలిపించింది అందుకు. ఆన్‌లైన్ రికార్డులో పేరూ విస్తీర్ణమూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమన్నాడు. చూశాం. సిగ్నల్ వచ్చి పోతోంది, కొబ్బరిచెట్టు కింద నిలబడితే కాస్త నయం. పేరు ఉంది. విస్తీర్ణం ఎకరం ఎనిమిది సెంట్లు చూపిస్తోంది.

రెండు సెంట్లు. అందులో పనసచెట్టు ఉండొచ్చు, గట్టు ఉండొచ్చు. మావయ్య ఏం మాట్లాడలేదు. కాగితం మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. "సోమవారం టెక్కలెల్తాను" అన్నాడు. "అమ్మీ ఆలోచన ఏమైనా ఉందా?" అని అడిగాను. పిక్కల బస్తా మూతి కట్టుకుంటూ, "నన్నెవులూ అడగనేదు గదా" అన్నాడు.

పలాసలో రైలెక్కించడానికి బండి మీద వచ్చాడు. అరకిలో గుండు పప్పు, ఒక పొట్లం కోవా చేతిలో పెట్టాడు. రైలు కదిలాక మెసేజ్ వచ్చింది.

"ఆ గాడిదల బొమ్మ పెట్టు ఒకపాలి. స్టేటస్‌కి."